ఎస్90వీ చాకు: కొనేముందు, కొన్నాక

ఎస్90వీ అనే స్టీలుతో చేసిన చాకు కొనొచ్చా అని ఎవరు అడిగినా ముందు నేనొకటి తిరిగి అడుగుతాను: ఇప్పుడు మీ దగ్గరున్న చాకు ఎందుకు మొద్దుబారుతోందో ఎప్పుడైనా చూసుకున్నారా? చూసుకోకపోతే అప్పుడే కొనకండి. ఆ స్టీలు ఒక్క రోగానికే మందు, మిగతా రోగాలకి పనిచెయ్యదు సరికదా కొన్నిటిని ఇంకా ముదరబెడుతుంది.

మా బావగారికి న్యూజెర్సీలో ఇండియన్ కిరాణా కొట్టు ఉంది, శని ఆదివారాలు నేనూ అక్కడే ఉంటాను. ట్రక్కు వచ్చిన రోజున కందిపప్పు కార్టన్లు, ఊరగాయ సీసాల పెట్టెలు, అప్పడాలు, అగరొత్తులు, బియ్యం బస్తాల మీద బిగించిన ప్లాస్టిక్ పట్టీలు, ఇవన్నీ విప్పాలి, విప్పాక ఖాళీ పెట్టెలన్నీ నాలుగు మూలలా కోసి చదును చేసి కట్టలు కట్టాలి. మొదట్లో ముప్పై డాలర్ల చాకు ఒకటి వాడేవాణ్ని, దానిది 14సీ28ఎన్ అనే స్వీడన్ స్టీలు, నిజానికి చాలా మంచి స్టీలు, కానీ మధ్యాహ్నం అయ్యేసరికి అట్టని కొయ్యడం మానేసి చింపడం మొదలుపెట్టేది. అప్పుడు చేత్తో బలంగా లాగాలి, బలంగా లాగినప్పుడు చాకు జారి ఎటు పోతుందో మన చేతిలో ఉండదు. అందుకని ఎస్90వీకి మారాను, మూడేళ్లయింది. కాబట్టి ఇదంతా అట్టపెట్టెలు కోసేవాడి మాట. అడవుల్లో క్యాంపింగ్‌కి వెళ్లి కట్టెలు చీల్చేవాళ్ల లెక్క వేరు.

మూడు డాలర్ల బ్లేడు కట్టర్ సరిపోదా అంటే, సరిపోతుంది. బావగారు ఇప్పటికీ అదే వాడతారు, నా చాకు వైపు చూసి నవ్వుతారు. ఆ వాదనలో ఆయన్ని నేను ఇంతవరకూ గెలవలేదు.

మొద్దుబారింది అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో నాలుగు రకాలున్నాయి. అంచు అరిగిపోవడం ఒకటి. మెత్తటి స్టీలైతే అంచు పక్కకి ఒరిగిపోవడం ఇంకొకటి. గట్టి వస్తువేదో తగిలి పెచ్చు లేవడం మూడోది. నిమ్మరసమో చెమటో తగిలి అంచు మీదే కంటికి కనపడనంత సన్నగా తుప్పు తినెయ్యడం నాలుగోది. మీది ఏ రకమో తెలుసుకోవడానికి మైక్రోస్కోపు అక్కర్లేదు. వంటింట్లో లైటు కింద నిలబడి చాకు అంచు మీ కళ్ల వైపు ఉండేలా పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచి చూడండి. పదునున్న అంచు కనపడదు, వెలుగుని వెనక్కి కొట్టేంత వెడల్పు దానికి ఉండదు. పొడుగునా సన్నటి తెల్లగీత మెరిస్తే అరిగిందన్నమాట. అక్కడొకటి ఇక్కడొకటి చుక్కల్లా మెరిస్తే పెచ్చులో ఒరుగుళ్లో. ఏదో తేల్చుకోవాలంటే బొటనవేలి గోటిని చాకు చెంప మీంచి అంచు బయటికి జార్చండి, ఒకవైపు నున్నగా పోయి రెండోవైపు గోరు తట్టుకుంటే ఒరిగింది, గోటిని అంచు పొడుగునా మెల్లగా నడిపిస్తే గతుకు తగిలితే పెచ్చు. ఈ పని చాకు మొద్దుబారిన మూడు నాలుగు సార్లు చెయ్యండి. ప్రతిసారీ తెల్లగీతే కనపడితే మీరు ఎస్90వీ గురించి ఆలోచించాల్సిన మనిషి. చుక్కలు కనపడేవాళ్లు ఇక్కడితో ఆగి ఆ డబ్బుతో మంచి సానరాయి కొనుక్కోండి.

అట్టపెట్టె చూడ్డానికి మెత్తగానే ఉంటుంది కదా, స్టీలుని ఎలా అరగదీస్తుందని నాకూ అనుమానం ఉండేది. చాలావరకు పాత కాగితాన్నే మళ్లీ నానబెట్టి, గుజ్జు చేసి అట్ట తయారు చేస్తారు, ఆ గుజ్జుతో పాటు మట్టీ సన్నటి ఇసుకా కూడా వస్తాయి. ముప్పై పెట్టెలు కోశాక చాకు చెంపల మీద బూడిదరంగు పొడి పేరుకుంటుంది, వేళ్ల మధ్య నలిపి చూస్తే గరగరలాడుతుంది. అంటే మనం కాగితం కోస్తున్నామనుకుంటూ గరుకు కాగితం మీద అంచుని రాస్తున్నాం. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో కత్తుల పరిశ్రమ వాళ్ల పరిశోధన సంస్థ ఒకటుంది, కాట్రా అంటారు, వాళ్ల యంత్రం చాకు పదును ఎంతసేపు నిలుస్తుందో కొలవడానికి 5 శాతం సిలికా కలిపిన కార్డు కాగితాన్నే కోయిస్తుంది. మన కార్టన్లు చేసే పని కూడా దాదాపు అదే.

ఇక ఎస్90వీ సంగతి. అమెరికాలో సిరక్యూస్‌లోని క్రూసిబుల్ కంపెనీ తయారుచేసిన స్టీలు ఇది, అంతకుముందు దీని పేరు 420వీ. జేబు చాకుల కోసమే పుట్టింది కాదు, ప్లాస్టిక్ కరిగించి అచ్చుల్లోకి తోసే యంత్రాల స్క్రూలకీ, ప్లాస్టిక్‌ని ముక్కలు చేసే బ్లేడ్లకీ వాడే రకం. గాజుపీచు కలిపిన ప్లాస్టిక్ మామూలు స్టీలుని ఇట్టే తినేస్తుంది, దానికి ఆగాలి, తుప్పుకీ ఆగాలి. ఇందులో 2.3 శాతం కార్బన్, 14 శాతం క్రోమియం, 9 శాతం వెనేడియం అనే లోహం ఉంటాయి. ఆ 9 అన్న అంకెలోనే కథంతా ఉంది, ఎందుకంటే చాలా చాకుల్లో కనపడే ఎస్30వీలో వెనేడియం 4 శాతమే, నా పాత 14సీ28ఎన్‌లో అసలు కలపరు.

వెనేడియం కార్బన్‌తో కలిసి కార్బైడ్ అనే గట్టి పలుకులుగా మారుతుంది. కాంక్రీటు రోడ్డు పాతబడ్డాక చూడండి, సిమెంటు అరిగిపోయి కంకర పైకి తేలుతుంది, టైరుకి తగిలేది కంకరే. చాకు అంచు మీదా అంతే. గట్టితనం కొలిచే వికర్స్ లెక్కలో చూస్తే గట్టిపరచిన స్టీలు 700 చిల్లర, క్రోమియం కార్బైడ్ సుమారు 1500, వెనేడియం కార్బైడ్ సుమారు 2800. ఇసుక రేణువు వెయ్యి పైచిలుకే కాబట్టి అది స్టీలుని గీకగలదు గానీ ఈ పలుకుల్ని ఏమీ చెయ్యలేదు. ఇంత కార్బైడ్‌ని మామూలుగా కరిగించి పోతపోస్తే పలుకులన్నీ ఒకచోట గడ్డకట్టి చాకు గాజులా విరిగిపోతుంది. అందుకని కరిగిన లోహాన్ని వాయువుతో పిచికారీ చేసి సన్నటి పొడిగా మార్చి, ఆ పొడిని డబ్బాలో పెట్టి వేడి మీద గట్టిగా ఒత్తి ముద్ద చేస్తారు. మినప్పిండితో సున్నుండ కట్టినట్టే, ఎక్కడ కొరికినా ఒకటే రుచి. పేరుకి ముందు సీపీఎం అని ఉండేది ఈ పద్ధతి గురించే.

ఇంతవరకూ చదివి కార్ట్‌లో వేసుకోకండి, అంతకంటే ముందు చెయ్యాల్సినది ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఉన్న చాకు అంచు కోణాన్ని సానరాయి మీద తగ్గించండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చాకులు చాలావాటికి అంచు ఒక్కో వైపు ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది, కొన్నిటికి అంతకంటే మొరటుగా కూడా. దాన్ని పదిహేనుకి దించితే అదే చాకు కొత్త చాకులా కోస్తుంది. ల్యారిన్ థామస్ అని ఒక లోహశాస్త్రవేత్త ఉన్నాడు, 2021లో వచ్చిన మాగ్నాకట్ అనే స్టీలు అతని తయారీయే, అతను చేసిన పరీక్షల్లో కూడా స్టీలు మార్చడంతో వచ్చే లాభానికి కోణం తగ్గించడంతో వచ్చే లాభం ఏమీ తీసిపోలేదు. ఈ ముక్క నాకు ముందే తెలిసుంటే ముప్పై డాలర్ల చాకుతో ఇంకో ఏడాది లాక్కొచ్చేవాణ్ని. కాబట్టి కోణం తగ్గించి నెల్రోజులు వాడండి, అప్పుడు కూడా మధ్యాహ్నానికి తెల్లగీత వస్తుంటే అప్పుడు కొనండి.

ఎస్90వీ కొన్నాక మొదటి వారంలో అందరికీ ఒక అనుమానం వస్తుంది. రోమాలు గీసే పదును కాసిన్ని పెట్టెలకే పోతుంది, రెండొందల డాలర్లు పైన పోసింది ఇందుకేనా అనిపిస్తుంది. కంగారు పడకండి. ఆ నున్నటి పదును ఏ స్టీలుకైనా తొందరగానే పోతుంది, దీని గొప్పంతా ఆ తర్వాతే ఉంది: కాస్త గరుకుగా, పట్టి కోసే ఒక పదును దగ్గర ఆగి అక్కడే నిలబడిపోతుంది. నా పాత చాకు ఒక్క ట్రక్కుకి తెల్లజెండా ఎత్తేది, దీన్ని నేను రెండు మూడు ట్రక్కులకి ఒకసారి డైమండ్ ప్లేటు, అంటే వజ్రపు పలుకులు అతికించిన సానపలక మీద నాలుగు రాపిడులు రాస్తాను. అయితే ఇది నా చేతిలో, నా కోణంలో, నా పెట్టెల మీద.

ఇప్పుడు నష్టాలు. అంత కార్బైడ్ ఉన్న స్టీలు పెళుసు. గట్టితనం రాక్‌వెల్ అనే ఇంకో కొలతలో 58 నుంచి 61 మధ్యలో పెడతారు, కోయడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, మెలితిప్పితే ఊరుకోదు. మొన్న మామిడిపళ్ల సీజన్‌లో ఇండియా నుంచి బంగినపల్లి పెట్టెలు వచ్చాయి, రద్దీలో జనం కౌంటరు దగ్గరే నిలబడి ఉన్నారు, పెట్టె అడుగున రాగిరంగు పిన్నులు కొట్టి ఉంటాయని తెలిసి కూడా తొందరలో చాకు దించి లాగేశాను. టిక్ అని చిన్న చప్పుడు. పెద్దగా ఏం కాలేదనుకున్నాను. రాత్రి ఇంటికొచ్చి ఫోను కెమెరా జూమ్ చేసి చూస్తే అంచులో అర మిల్లీమీటరు నెలవంక లేచిపోయి ఉంది. 14సీ28ఎన్ అయితే అక్కడ ఒరిగేది, రెండు నిమిషాల్లో సరిచేసేవాణ్ని. దీన్ని ఆ గుంట పోయేదాకా దించడానికి ముతక డైమండ్ ప్లేటు మీద గంటన్నర పట్టింది. కాబట్టి పిన్నులున్న పెట్టెలు, డబ్బా మూతలు ఎత్తడం, స్క్రూలు తిప్పడం, ఎముకలు, గడ్డకట్టిన మాంసం, వీటి దగ్గరికి ఈ చాకు వెళ్లకూడదు. ఇంట్లో పిల్లలూ చుట్టాలూ కనపడ్డ చాకు తీసి కనపడ్డ పనికి వాడే అలవాటున్న చోట అయితే అసలు వద్దు.

తుప్పు గురించి కూడా ఒక మాట. 14 శాతం క్రోమియం ఉంది కదా, స్టెయిన్‌లెస్సే కదా అనుకుంటాం. కానీ ఆ క్రోమియంలో పెద్ద వాటా కార్బైడ్ పలుకుల్లో ఇరుక్కుపోతుంది, తుప్పు ఆపేది పలుకుల్లో ఉన్నది కాదు, వాటి చుట్టూ ఉన్న స్టీలులో కరిగి ఉన్నది. మాగ్నాకట్‌లో క్రోమియం 10.7 శాతమే, అయినా దాదాపు అంతా బయటే ఉంటుంది కాబట్టి తుప్పుకి ఎస్90వీ కంటే బాగా ఆగుతుంది. కంపెనీవాళ్లు వేసే మొత్తం శాతం చూసి మోసపోకండి అని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఎస్90వీ మీద నిమ్మకాయ కోసి కడక్కుండా మడిచి జేబులో పెట్టుకుంటే పొద్దున్నకి మచ్చలు రావచ్చు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఉండేవాళ్లు, లేదా చెమట బాగా పట్టే ఒళ్లున్నవాళ్లు, తుడిచి కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాస్తే చాలు. కొబ్బరినూనె వద్దు, మడిచే కీలు దగ్గర కొన్నాళ్లకి జిగురు కట్టి చాకు తెరుచుకోదు.

వేరే స్టీళ్లతో పోలిస్తే నా లెక్క ఇలా ఉంటుంది. పళ్లు, కూరగాయలు, అప్పుడప్పుడూ ఒక పార్సెల్, ఇంతే పనైతే 14సీ28ఎన్ చాలు, మిగిలిన డబ్బు మీ దగ్గరే ఉంటుంది. తేమ, వర్షం, సముద్రం, కొంచెం మోటు వాడకం ఉంటే మాగ్నాకట్, అరుగుదలలో అది ఎస్90వీని అందుకోదు గానీ మిగతా అన్నిటిలో ముందే ఉంటుంది. ఆస్ట్రియా ఎం390 ఈ రెంటి మధ్యలో కూర్చుంటుంది, 20 శాతం క్రోమియం, 4 శాతం వెనేడియం, అందులో కార్బైడ్ ఎక్కువగా క్రోమియందే కాబట్టి పదును పెట్టడం ఎస్90వీ కంటే కాస్త సులువు. రోజంతా అట్ట, తాడు, గోనె, తివాచీ, జిప్సం బోర్డు కోసేవాళ్లకి మాత్రం నేను ఎస్90వీనే చెప్తాను.

పదును పెట్టడం దగ్గరే ఎక్కువమంది ఈ చాకుని తిట్టుకుంటారు, తప్పు చాకుది కాదు, రాయిది. మామూలు సానరాళ్లలో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్, దాని గట్టితనం సుమారు 2000. వెనేడియం కార్బైడ్ 2800 అని పైన చెప్పాను. అంటే మెత్తటిదాంతో గట్టిదాన్ని అరగదీస్తున్నాం. నేను మొదటిసారి పది డాలర్ల రాయి మీద ముప్పావుగంట రాశాను, రాయి మధ్యలో గుంట పడింది, చాకుకి మాత్రం ఏమీ కాలేదు, నా చేతుల్లోనే లోపం ఉందనుకున్నాను. డైమండ్ ప్లేటు తెచ్చాక పది నిమిషాల్లో పని అయింది. కాబట్టి చాకు బడ్జెట్‌లోనే డైమండ్ ప్లేటు ఖర్చు కలుపుకోండి, ఒకవైపు ముతకగా 300 నంబరు దగ్గర, ఇంకోవైపు 600 దగ్గర ఉండేది ఒక్కటి చాలు.

పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మార్కర్ పెన్నుతో అంచు చెంపలకి రెండు వైపులా రంగు పూయండి. ప్లేటు మీద నాలుగు చుక్కల నీళ్లు, అందులో అంట్లు తోమే సబ్బు ఒక చుక్క వేయండి. మీకు సరైనదనిపించిన కోణంలో రెండు సార్లు రాసి ఆపి చూడండి. రంగు అంచు చివర పోతే చాకుని ఎక్కువ ఎత్తి పట్టుకున్నారు, పైభాగంలో పోతే మరీ పడుకోబెట్టారు, మొత్తం సమంగా పోతే ఆ కోణం చేతికి గుర్తుపెట్టుకోండి. ఇక ఒకవైపే రాస్తూ పోవాలి, రెండోవైపు అంచు దగ్గర వేలి కొసతో తాకితే సన్నటి గీర ఒకటి తగిలేదాకా. దాన్ని బర్ అంటారు, లోహం అవతలి వైపుకి ఒరిగిందన్నమాట, అది మడమ నుంచి మొనదాకా తగలాలి, మధ్యలో తెగిపోతే అక్కడ ఇంకా రాయాలి. అప్పుడు తిప్పి రెండోవైపు. ఇందులో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను, బలం పెట్టకండి. పని తొందరగా అవ్వాలని నొక్కితే ప్లేటు మీది డైమండ్ పలుకులు ఊడొస్తాయి, ప్లేటూ పోతుంది, అంచు మీద లోతు గీతలూ పడతాయి. చాకు బరువుకి మీ చేతి బరువు కాస్త తోడైతే చాలు.

ముతక వైపు బర్ వచ్చాక 600 వైపు ఇంకా తేలిగ్గా, చివర్లో ఒక వైపు ఒకటి, ఒక వైపు ఒకటి అంటూ పది పన్నెండు రాపిడులు. అక్కడితో ఆపండి. అద్దంలా మెరిసేదాకా నున్నగా చెయ్యాలన్న సరదా చాలామందికి ఉంటుంది, నాకూ ఉండేది, కానీ అట్టకి, తాడుకి కొంచెం గరుకుగా పళ్లున్న అంచే బాగా పడుతుంది. మిగిలిన బర్ పోవడానికి పాత తోలు బెల్టు ఒక చెక్కకి అతికించి డైమండ్ పేస్టు రాసి, అంచుకి వెనకదిశలో ఐదారు సార్లు లాగండి. కొట్లో నేను చేసే పరీక్ష ఏంటంటే, బిల్లు మెషీన్ నుంచి జానెడు రసీదు చించి ఒక కొస పట్టుకుని చాకు దించుతాను. ఆ కాగితం పల్చగా నున్నగా ఉంటుంది, బర్ ఇంకా మిగిలుంటే తగులుకుని చిరుగుతుంది, సరిగ్గా వస్తే చప్పుడు కూడా లేకుండా రెండవుతుంది.

పూర్తిగా మొద్దుబారేదాకా ఆగకండి. ఈ స్టీలుతో అదే పెద్ద తప్పు. తెల్లగీత మొదటిసారి లీలగా కనపడ్డప్పుడే 600 వైపు నాలుగేసి సార్లు రాస్తే రెండు నిమిషాల పని, బద్ధకించి ఆర్నెల్లు వదిలేస్తే ఆదివారం మధ్యాహ్నం అంతా పోతుంది. ఇంకోటి, సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు వీధిలో సైకిల్ తొక్కుతూ సానపట్టేవాడు కనపడితే సరదాపడి ఇవ్వకండి. అమ్మ కత్తిపీటకి అతని చక్రం బాగానే ఉంటుంది, ఈ పల్చటి అంచు మాత్రం ఆ రవ్వల వేడికి నీలంరంగు తిరిగిందంటే అక్కడ గట్టితనం పోయినట్టే. ప్రయాణంలో చాకు చెక్-ఇన్ పెట్టెలోనే ఉండాలి, హ్యాండ్‌బ్యాగ్‌లో మర్చిపోతే సెక్యూరిటీ దగ్గర వదిలేసి రావడమే. ఇంగ్లండులో ఉన్నవాళ్లయితే కొనేముందే చూసుకోండి, కారణం చెప్పక్కర్లేకుండా జేబులో ఉంచుకోగలిగేది లాక్ లేని మడతచాకు మాత్రమే, అది కూడా అంచు 3 అంగుళాలు దాటకూడదు. ఎస్90వీ మడతచాకులు చాలావాటికి లాక్ ఉంటుంది.

పాతది కొంటున్నట్టయితే ఫోటోలో చాకు వెడల్పు చూడండి, కొత్తదాని ఫోటో పక్కన పెట్టుకుని. ఎవరో బెల్టు గ్రైండర్ మీద పెట్టి తెగ అరగదీసి ఉంటే మొన దగ్గర అంచు లోపలికి వంగి కనపడుతుంది, అలాంటిది సగం ధరకి ఇచ్చినా నేను తీసుకోను. నా పాత 14సీ28ఎన్ చాకు ఇప్పుడు మా అక్క దగ్గరుంది, కొట్టు వెనక గదిలో కొబ్బరికాయ పీచు తియ్యడానికీ, పిన్నులున్న మామిడి పెట్టెలు విప్పడానికీ.